నొప్పి లేకుండానే అరిగిపోయే కిడ్నీలు

తనకల్లు, కొక్కంటి, నల్లచెరువు, గాండ్లపెంట చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా నడుము పట్టేస్తే ముందుగా వచ్చే అనుమానం కిడ్నీల మీదే. కిడ్నీలో రాయి జారి అడ్డం పడితే రాత్రంతా మెలికలు తిరిగినవాణ్ణి చూసినవాళ్ళకు ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఒంట్లో ఏ నొప్పీ లేనప్పుడు మాత్రం కిడ్నీల మాటే ఎవరూ తలవరు. ఈ లెక్క తిరగబడి ఉందని నా వాదన. నడుంనొప్పుల్లో ఎక్కువ భాగం వెన్ను కండరాలవి, పూసలవి. రాయి నొప్పి కూడా వడపోత చెడినందువల్ల పుట్టేది కాదు. మూత్రం కిందికి దిగే గొట్టం బిగుసుకుపోయి, దాని వెనక మూత్రం నిలిచి ఒత్తినందువల్ల పుట్టేది. కిడ్నీని కప్పిన పలుచని పొర సాగినప్పుడో, ఆ గొట్టం బిగిసినప్పుడో మనకు నొప్పి తెలుస్తుంది. లోపల రక్తం వడపోసే చోట అరుగుదల జరిగితే తెలియదు. షుగరూ, బీపీ చేసే నష్టం పొరను సాగదీయదు, గొట్టాన్ని బిగించదు. కాబట్టి నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకునే మనిషి, చాలాసార్లు వడపోతలో ఎక్కువ భాగం పోయేదాకా ఎదురుచూస్తూనే ఉంటాడు. ఎందుకిలా జరుగుతుందో అర్థం కావాలంటే కిడ్నీ నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

కిడ్నీలు రెండూ కడుపులో ముందువైపు ఉండవు. వీపువైపు, చివరి పక్కటెముకల చాటున, వెన్నెముకకు అటూ ఇటూ ఉంటాయి. పైన కాలేయం ఉన్నందువల్ల కుడివైపుది కాస్త కిందికి ఉంటుంది. ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాములకు అటూ ఇటూగా బరువు. రెండూ కలిపినా ఒంటి బరువులో నూటికి అర వంతు. అంత చిన్న అవయవాలకు గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా వెళుతుంది. అంటే నిమిషానికి లీటరుకు పైనే. కిడ్నీకి తన పోషణ కోసం అంత రక్తం అక్కర్లేదు. అది వడపోత కోసం వచ్చే రక్తం. కిడ్నీని నిలువునా కోసి చూస్తే బయటివైపు ఒక పొర, లోపలివైపు గోపురాల్లాంటి మడతలతో మరో పొర కనిపిస్తాయి. బయటి పొరలో వడపోత జరుగుతుంది. లోపలి పొర నీటిని పొదుపు చేస్తుంది. ఈ రెండు పొరల్లోనూ పరుచుకుని, ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత చేసే సన్నని గొట్టాలు, ఉంటాయి. సగటున అంటున్నాను ఎందుకంటే మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. 2 లక్షల చిల్లరతో పుట్టినవాళ్ళూ ఉన్నారు, 25 లక్షలు దాటినవాళ్ళూ ఉన్నారు. తల్లి కడుపులో 36 వారాలు నిండేసరికి నెఫ్రాన్ల తయారీ ఆగిపోతుంది. పుట్టాక కొత్తది ఒక్కటీ ఏర్పడదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఇవి తక్కువగా ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. కరువు నేలలో గర్భిణి తిండికీ, ఆ బిడ్డకు యాభై ఏళ్ళు వచ్చేసరికి కిడ్నీ ఎలా ఉంటుందన్నదానికీ ఇలా సంబంధం ఉంది.

నెఫ్రాన్ మొదట్లో ఒక చిన్న రక్తనాళాల కుచ్చు ఉంటుంది. దాన్ని 1666లో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీగీ వర్ణించాడు. ఆ కుచ్చును చుట్టి ఉన్న గుళికనూ, దానికి తగిలించిన సన్నని గొట్టాన్నీ 1842లో ఇంగ్లండులో విలియం బౌమన్ స్పష్టం చేశాడు. మన బడి పుస్తకాల్లో కనిపించే బౌమన్ గుళిక అదే. కుచ్చులోకి ఒక సన్నని ధమని రక్తాన్ని తెస్తుంది, మరొకటి తీసుకుపోతుంది. సాధారణంగా ఒంట్లో కేశనాళికలు సిరల్లోకి తెరుచుకుంటాయి, అక్కడికి వచ్చేసరికి ఒత్తిడి పడిపోయి ఉంటుంది. ఇక్కడ మాత్రం కుచ్చుకు ముందూ ధమనే, వెనకా ధమనే. అందువల్ల లోపల ఒత్తిడి ఎక్కువగా నిలబడి, రక్తంలోని నీరు కుచ్చు గోడలోంచి గుళికలోకి దిగుతుంది. ఆ గోడకు మూడు పొరలు. మొదటిది సన్నని రంధ్రాలున్న రక్తనాళపు లోపలి పొర. రెండోది చిక్కని అల్లికలాంటి ఆధార పొర. మూడోది పోడోసైట్లనే కణాలు తమ పాదాలను ఒకదాని సందులో ఒకటి పెట్టి నిలబడిన పొర. ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ లాంటి చిన్న అణువులు వీటి మధ్యగా జారిపోతాయి. రక్తకణాలు పోలేవు. ఆల్బుమిన్ అనే ప్రోటీను పరిమాణం వల్లా, తన మీదున్న రుణ విద్యుదావేశం వల్లా దాదాపు వెనక్కే ఉండిపోతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి. ఆల్బుమిన్ మూత్రంలో కనిపించడం మొదలైందంటే ఆ గోడలో ఎక్కడో లోపం ఏర్పడిందని అర్థం.

ఇలా గుళికలోకి దిగే నీరు నిమిషానికి దాదాపు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు. ఒంట్లో రక్తపు ద్రవం మొత్తం 3 లీటర్లే కాబట్టి, అదే ద్రవం రోజుకు 60 సార్లు వడపోతకు వస్తోందన్నమాట. ఆ 180 లీటర్లతో పాటు కిలోన్నర దాకా ఉప్పూ, 180 గ్రాముల దాకా చక్కెరా దిగుతాయి. అవన్నీ బయటికి పోతే మనిషి గంటైనా బతకడు. కిడ్నీ అసలు గొప్పతనం వాటిని వెనక్కు తీసుకోవడంలో ఉంది. గుళిక దాటగానే వచ్చే మెలికల గొట్టం ఉప్పులో, నీటిలో మూడింట రెండు వంతులను, చక్కెర మొత్తాన్ని తిరిగి రక్తానికి అప్పజెబుతుంది. తర్వాత గొట్టం లోపలి పొరలోకి దిగి, మలుపు తిరిగి పైకి వస్తుంది. 1862లో దాన్ని వర్ణించిన జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరుతో అది హెన్లీ శిక్యం అయింది. పైకెక్కే భాగం ఉప్పును బయటికి తోడి లోపలి పొరను ఉప్పగా మారుస్తుంది, నీటిని మాత్రం వదలదు. చివరన సంగ్రహణ నాళం ఆ ఉప్పని పొరలోంచే కిందికి దిగుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెదడు నుంచి ఒక హార్మోను వచ్చి ఆ నాళం గోడను నీటికి తెరిపిస్తుంది, నీరు ఉప్పు ఉన్న వైపు లాగబడి ఒంటికి మిగులుతుంది. ఇలా మూత్రాన్ని రక్తం కన్నా 4 రెట్లు చిక్కగా చేయగలదు మన కిడ్నీ. ఎంత పొదుపు చేసినా, రోజూ ఒంట్లో పుట్టే వ్యర్థాలను మోసుకుపోవడానికి అర లీటరు మూత్రం తప్పదు. రక్తం పుట్టుకకు కావలసిన హార్మోనూ, ఎముకలకు పనికొచ్చే రూపంలో డి విటమినూ కిడ్నీ నుంచే వస్తాయి. కిడ్నీ రోగుల ముఖం పాలిపోవడానికి కారణం అందులోనే ఉంది.

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే మొదటి ప్రశ్నకు వస్తాను. ఇన్ని లక్షల నెఫ్రాన్లున్నాయి, ఒక కిడ్నీ దానం చేసినవాళ్ళు కూడా హాయిగా బతుకుతున్నారు, సగం పోయినా భయమేముంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానం చేసే మనిషిని ముందు అన్ని విధాలా పరీక్షిస్తారు. మిగిలిన కిడ్నీ నూటికి నూరుపాళ్ళూ ఆరోగ్యంగా ఉందని తేలాకే రెండోదాన్ని తీస్తారు. షుగరు మనిషికి రెండు కిడ్నీలూ ఒకే జబ్బుతో ఒకేసారి అరుగుతాయి. పైగా కొన్ని నెఫ్రాన్లు పోగానే మిగిలినవి వాటి పనిని కూడా తలకెత్తుకుని ఎక్కువ ఒత్తిడితో వడపోస్తాయి. మొదట్లో అది మేలే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అదనపు ఒత్తిడే వాటి గోడలను గట్టిపరచి వాటినీ చంపుతుంది. అంటే జబ్బు మొదటి కారణం తగ్గినా అరుగుదల తనంతట తాను సాగే దశ ఒకటి వస్తుంది. నిల్వ ఎక్కువ ఉండటం వల్ల మనకు భద్రత ఉందన్నది నిజమే. కానీ ఆ నిల్వే నష్టాన్ని మన కంటికి కనపడనీయకుండా చేస్తుంది. ముఖం ఉబ్బడం, కాళ్ళ వాపు, తిండి సయించకపోవడం, వాంతులు లాంటివి తెలిసేసరికి చాలామందిలో వడపోత నాలుగో వంతుకన్నా తక్కువకు దిగి ఉంటుంది.

నొప్పిని నమ్మకపోతే దేన్ని నమ్మాలి? రక్తంలో క్రియాటినిన్ అనే అంకెను. ఈ అంకె వెనక ఒక తెలుగువాడి శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించాడు. కండరం తక్షణ శక్తి కోసం దాచుకునే పదార్థం అది. అదీ, క్రియాటినూ రోజూ కొద్దికొద్దిగా మారి క్రియాటినిన్ అవుతుంది, కిడ్నీ దాన్ని వడపోసి బయటికి పంపుతుంది. కండరం అంతే ఉండి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే వడపోత తగ్గిందని అర్థం. అయితే ఈ అంకెను చదవడంలో ఒక మెలిక ఉంది. వడపోత సగానికి పడితే క్రియాటినిన్ రెండింతలవుతుంది. సన్నగా ఉండే ఆడమనిషికి ఒకప్పుడు 0.6 ఉండి ఇప్పుడు 1.2 ఉందనుకుందాం. ల్యాబు కాగితం మీద 1.2 మామూలు హద్దులోనే ఉందని రాసి ఉండవచ్చు. నిజానికి ఆమె వడపోతలో సగం పోయింది. అందుకే వయసును, ఆడా మగా అన్నదాన్ని కలిపి వడపోత వేగాన్ని లెక్కగట్టాలి. అరవై ఏళ్ళ స్త్రీకి అదే 1.2 అంటే వడపోత వేగం నిమిషానికి 50 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు. అంకె చూసి అంతా బాగుందని కాగితం మడిచి దూలంలో పెట్టేయడం ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక మన నేలకు వద్దాం. అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. శెనక్కాయ చేలల్లో కలుపు తీసేవాళ్ళు, కాయ పీకేవాళ్ళు, ఎండాకాలం ఉపాధి పనికి పోయేవాళ్ళు, బెంగుళూరులో బిల్డింగు పనులకు వలస పోయేవాళ్ళు, అందరూ చెమట రూపంలో నీటినీ ఉప్పునూ కోల్పోతారు. ఆ సమయంలో కిడ్నీలో ఏం జరుగుతుందో చెప్పడానికి మన చెరువునే చూపిస్తాను. చెరువులోకి వాగు వస్తుంది, తూము ద్వారా నీళ్ళు పోతాయి. వాగులో నీరు తగ్గితే మట్టం నిలవాలంటే వాగు నోరు పూడకుండా చూసుకోవాలి, తూము బిగించాలి. కిడ్నీ కుచ్చులోనూ అంతే. ఒంట్లో నీరు తగ్గగానే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు లోపలికి వచ్చే ధమనిని తెరిచి ఉంచుతాయి, యాంజియోటెన్సిన్ అనే హార్మోను బయటికి పోయే ధమనిని బిగిస్తుంది. అలా వడపోతకు కావలసిన ఒత్తిడి నిలుస్తుంది. ఇప్పుడు ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు తెచ్చుకుని వేసుకుంటే అవి ప్రోస్టాగ్లాండిన్లను ఆపేస్తాయి. వాగు నోరు మూసుకుంటుంది. చల్లటి పూట, కడుపునిండా నీళ్ళు తాగినవాడికి ఒక మాత్ర పెద్దగా చెరుపు చేయకపోవచ్చు. పొద్దంతా ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలక, సాయంత్రం సూది వేయించుకునేవాడికి అదే మందు వడపోతను ఉన్నట్టుండి పడగొట్టగలదు. అప్పటికే కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం పోయే మాత్రలు వాడుతున్నవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. లోపలి పొర సంగతి కూడా మరవకూడదు. నీటిని పొదుపు చేసే ఆ పొరకు కిడ్నీకి వచ్చే రక్తంలో పదో వంతే అందుతుంది, మామూలు రోజుల్లోనే అది ఆక్సిజన్ చాలక పని చేస్తూ ఉంటుంది. రక్తం ఇంకాస్త తగ్గితే ముందు దెబ్బ తినేది అదే. మోకాళ్ళ నొప్పికో నడుంనొప్పికో నెలల తరబడి ఈ మాత్రలు తినేవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో. కిడ్నీ నొప్పేమోనని భయపడి, కిడ్నీకి చేటు చేసే మాత్రను వాడటం చూస్తే బాధ కలుగుతుంది.

అలాగైతే నీళ్ళు బాగా తాగితే చాలు కదా అన్నది రెండో అభ్యంతరం. ఎండలో పనిచేసేవాడికీ, రాళ్ళ జబ్బు ఉన్నవాడికీ నీళ్ళు నిజంగా మందే. ఆ మాటను నేను తీసేయను. కానీ నీళ్ళతో కిడ్నీ కడుక్కుపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఎటూ 180 లీటర్లు వడపోసే అవయవానికి మనం తాగే మరో రెండు లీటర్లు కొత్త శుద్ధి ఏమీ చేయవు, మూత్రాన్ని పలుచన చేస్తాయి. కిడ్నీ జబ్బున్న ఆరు వందల పైచిలుకు రోగుల్లో సగం మందిని ఎక్కువ నీళ్ళు తాగమని చెప్పి, ఏడాది తర్వాత మిగతావాళ్ళతో పోల్చి చూశారు కెనడా వైద్యులు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వడపోత తగ్గే వేగంలో తేడా కనిపించలేదు. జబ్బు ముదిరి మూత్రం తగ్గినవాడికి ఎక్కువ నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదికి తెస్తాయి కూడా. మూడో మాట ఫ్లోరైడు. లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు మన ప్రాంతపు పాత బాధ. 1995లో మొదలైన సత్యసాయి మంచినీటి పథకం 700కు పైగా పల్లెలకు నీళ్ళిచ్చిందంటే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. పళ్ళ మీద గార, ఎముకలు బిగుసుకుపోవడం ఫ్లోరైడు పనే, అందులో అనుమానం లేదు. కిడ్నీ జబ్బులన్నిటికీ అదే మూలమనడానికి మాత్రం అంత గట్టి రుజువు లేదు. తిరగేసి చూస్తే మాత్రం ఒక సంగతి నిజం. ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీయే కాబట్టి, కిడ్నీ మందగించినవాడికి అదే నీరు ఎముకల్లో మరింత విషాన్ని నింపుతుంది. తప్పంతా బోరు నీటి మీద వేసేస్తే ఇంట్లో ఉన్న షుగరునూ, బీపీనీ, జేబులో ఉన్న నొప్పి మాత్రనూ చూడకుండా వదిలేస్తాం.

ఈ జాగ్రత్త మాట ఎందుకంటే మన రాష్ట్రపు మరో చివరన ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కొబ్బరి, జీడిమామిడి తోటల పచ్చటి సీమ. అక్కడ షుగరు లేని, మొదట్లో పెద్దగా బీపీ కూడా లేని వ్యవసాయ కూలీలు ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో చనిపోతున్నారు. నీటిని, మట్టిని, పురుగుమందులను, లోహాలను, ఎండదెబ్బను, వంశపారంపర్యాన్ని అన్నిటినీ పరీక్షించారు. ఒకే ఒక కారణమని ఇంకా రుజువు కాలేదు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. ఉద్దానం జబ్బు తనకల్లులో ఉందని నేను అనడం లేదు, అలా చెప్పడానికి ఆధారం లేదు. ఉద్దానం నేర్పే పాఠం వేరే. అక్కడ చెడేది ఎక్కువగా కుచ్చు కాదు, గొట్టాలు, వాటి మధ్యనున్న కణజాలం. కుచ్చు గోడ బాగానే ఉంటే ఆల్బుమిన్ పెద్దగా కారదు, మూత్రపరీక్షలో ఏమీ కనపడదు. అందువల్ల మూత్రంలో ప్రోటీను చూసి ఊరుకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. షుగరులో దీనికి పూర్తిగా ఎదురు. క్రియాటినిన్ ఏళ్ళ తరబడి మామూలుగా ఉంటుంది, ఆల్బుమిన్ ముందే కారుతుంది. రెండు పరీక్షల్లో ఏ ఒక్కటీ రెండోదానికి బదులు కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ, పరిశోధన కేంద్రమూ మొదలయ్యాయి. అవి రావడానికి ముందు ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో ఆ పల్లెలకు తెలుసు.

ముందుగా తెలుసుకుని చేసేదేముంది, ఎటూ నయం కాని జబ్బే కదా, డయాలసిస్ తప్పదు కదా అన్నది నేను ఎక్కువగా పట్టించుకునే అభ్యంతరం. ఇందులో నిస్పృహ ఉంది, దానికి కారణమూ ఉంది. వారానికి రెండు మూడుసార్లు బస్సెక్కి యంత్రం దగ్గర నాలుగేసి గంటలు పడుకుని వచ్చేవాళ్ళను చూసినవారికి అలా అనిపించడం సహజం. కానీ ముప్పై ఏళ్ళ నుంచీ ఆ మాట నిజం కాకుండా పోతోంది. చెరువు తూము గురించి చెప్పాను. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే బీపీ మందులు ఆ తూమును కొంచెం వదులు చేసి, కుచ్చులో ఏళ్ళ తరబడి పేరుకున్న అదనపు ఒత్తిడిని తగ్గిస్తాయి. షుగరు రోగుల కిడ్నీలను అవి కాపాడతాయని 1993లోనూ, 2001లోనూ వచ్చిన పెద్ద అధ్యయనాలు నిరూపించాయి. ఎండలో నీరు తగ్గిన రోజున చిక్కు తెచ్చే మందే మిగతా రోజుల్లో కిడ్నీకి రక్ష అన్నమాట. దాన్ని ఎప్పుడు వాడాలో, వాంతులూ విరేచనాలూ అయినప్పుడు ఎన్ని రోజులు ఆపాలో డాక్టరే చెప్పాలి. తర్వాత మెలికల గొట్టం చక్కెరను వెనక్కు తీసుకోకుండా ఆపే మందులు వచ్చాయి. డపాగ్లిఫ్లోజిన్ వాటిలో ఒకటి. షుగరు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిన నాలుగు వేల మందికి పైగా కిడ్నీ రోగుల్లో, వడపోత సగానికి పడిపోవడం, కిడ్నీ పూర్తిగా దెబ్బతినడం, దానివల్లగానీ గుండెవల్లగానీ చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే ఈ మందు వాడినవారిలో 39 శాతం తగ్గాయని 2020లో తేలింది. మన దేశంలో దాని పేటెంటు ముగిసి, ఇప్పుడు చాలా కంపెనీలు తక్కువ ధరకు తయారు చేస్తున్నాయి. ఈ మందులన్నీ మిగిలి ఉన్న నెఫ్రాన్లనే కాపాడతాయి, పోయినవాటిని తేలేవు. అందుకే ఎంత ముందు తెలిస్తే అంత లాభం.

కాబట్టి షుగరో, బీపీయో ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ళు, నొప్పి మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ళు ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ రెండూ చూపించుకోవాలి. మండల కేంద్రంలోని ఆరోగ్య కేంద్రంలోనో, కదిరి ఆసుపత్రిలోనో అడగండి. ఒక్క కాగితంతో కిడ్నీ జబ్బని తేల్చేయరు. జ్వరం, ఎండ, ముందురోజు తిన్న మాంసం కూడా అంకెను మారుస్తాయి. తేడా మూడు నెలలకు పైగా నిలిస్తేనే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు, అందుకే రెండోసారి పరీక్ష తప్పదు. ఎండలో పని చేయించేవాళ్ళ బాధ్యత వేరే ఉంది. పనిచోట తాగునీరు, విశ్రాంతి సమయం ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. నికరాగువా చెరకు తోటల్లో నీడ, నీరు, విరామం కచ్చితంగా అమలు చేసిన చోట కోతకాలంలో కూలీల కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. పొలం పని పెట్టుకున్న రైతైనా, బిల్డింగు మేస్త్రీ అయినా ఆ మాత్రం ఏర్పాటు చేయవచ్చు. ఒంటినొప్పికి మాత్ర తప్పదనుకుంటే ముందు డాక్టరును అడిగి, మామూలు మోతాదులో పారాసిటమాల్ వాడుకోవడం ఎక్కువమందికి తక్కువ ప్రమాదం. చివరగా, పరీక్ష చేయించుకున్న ప్రతిసారీ ఆ కాగితం పారేయకండి. ల్యాబు వేసిన హద్దులతో పోల్చడం కంటే మీ పోయినేడాది అంకెతో ఈ ఏడాది అంకెను పోల్చడం వల్లే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది. 0.7 నుంచి 1.1కి పెరిగితే, రెండూ మామూలే అని ల్యాబు అన్నా సరే, కారణం వెతకమని గట్టిగా అడగండి.